ఈతకీ ఈతకీ మధ్య: చిన్న రైతు పాక లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

గేదె ఉందని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "పూటకి ఎన్ని లీటర్లు ఇస్తుంది?" కొనేవాడూ అదే అడుగుతాడు, లోన్ ఇచ్చేవాడూ అదే రాసుకుంటాడు. కానీ రెండు మూడు గేదెలున్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి ఏం మిగిలిందో చూస్తే, ఆ లీటర్లకీ ఈ మిగులుకీ పొంతన కుదరదు. పూటకి ఆరు లీటర్ల గేదెను పెట్టుకుని అప్పుల్లో పడ్డవాళ్లుంటారు. మూడు లీటర్ల గేదెతో నెట్టుకొస్తూ పిల్లల ఫీజులు కట్టేవాళ్లూ ఉంటారు. దీనికి అదృష్టమనో, చెయ్యి మంచిదనో పేరు పెట్టేస్తాం గానీ, చాలా వరకు అది లెక్కకు అందే విషయమే. ఆ లెక్కలో మూడు ముడులున్నాయి: పాల ధర ఎలా కడతారు, పాలు పొదుగులోంచి ఎలా దిగుతాయి, ఒక ఈతకీ, అంటే గేదె ఒకసారి ఈనడానికీ, ఇంకో ఈతకీ మధ్య ఎన్ని రోజులు పోతాయి. మొదటి రెండూ రోజూ కళ్లముందు జరిగేవి. మూడోది కనపడకుండా జేబు కొట్టేస్తుంది.

రోజు ఎలా గడుస్తుందో పల్లెటూరి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి పేడకళ్లు ఎత్తడంతో మొదలై, కుడితి పెట్టడం, పొదుగు కడగడం, పాలు పిండటం, క్యాన్ పట్టుకుని కేంద్రానికి పోవడం, గడ్డి కోసుకురావడం, మధ్యాహ్నం నీళ్లకు తోలడం, మళ్లీ సాయంత్రం అదే వరస. పెళ్లికి వెళ్లినా పాలపూటకి ఇల్లు చేరాల్సిందే. ఈ పనిలో సగానికి పైగా ఇంటి ఆడవాళ్లే చేస్తారు. ఆ కూలి ఏ పుస్తకంలోనూ పడదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మొదటి ముడి, ధర. కేంద్రంలో లీటరుకింత అని ఇవ్వరు. పాలలో వెన్న శాతం, అంటే ఫ్యాట్, దాన్ని బట్టే రేటు. కొన్నిచోట్ల కిలో వెన్నకి ఇంత అని ఒక ధర పెట్టి కడతారు, ఇంకొన్నిచోట్ల ఫ్యాట్‌తోపాటు ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థాలు, కూడా కలిపి చార్టు చూస్తారు. కిలో వెన్నకి 800 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. ఆరు లీటర్లంటే 6.18 కిలోలు. ఫ్యాట్ 7.5 వస్తే వెన్న 463 గ్రాములు, 371 రూపాయలు. అదే ఆరు లీటర్లకి ఫ్యాట్ 6.5 వస్తే 321 రూపాయలు. ఒక్క పాయింటు దగ్గర పూటకి 50 రూపాయల తేడా. అందుకే కేంద్రం దగ్గర రోజూ గొడవలు.

ఆ గొడవల్లో అన్నీ ఫ్యాట్ కొలిచే మిషన్ మోసాలే అనుకోనక్కర్లేదు. మోసం జరిగే చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ ఒకే గేదె పాలలో ఫ్యాట్ దానంతట అదే చాలా మారుతుంది. ఉదయానికి, సాయంత్రానికి తేడా ఉంటుంది. సాయంత్రం ఐదుకి పిండి మళ్లీ తెల్లారి ఐదున్నరకి పిండితే మధ్యలో పన్నెండున్నర గంటలు. పగటి పూట విరామం తగ్గిన కొద్దీ సాయంత్రం పాలు కొంచెం తగ్గి, ఫ్యాట్ పెరుగుతుంది. ఈనిన కొత్తలో పాలెక్కువ, ఫ్యాట్ తక్కువ. ఒట్టిపోయే ముందు పాలు తగ్గి ఫ్యాట్ పెరుగుతుంది. ఒకే పూటలో కూడా మొదటి ధారలు పల్చగా ఉంటాయి, ఆఖరి పాలు చిక్కగా ఉంటాయి. మొదట పిండిన పాలు ఒక గ్లాసులో, చివర పిండినవి ఇంకో గ్లాసులో పట్టి విడివిడిగా టెస్ట్ చేయించి చూడండి, ఒకే పొదుగులోవి అంటే నమ్మబుద్ధి కాదు.

ఇక్కడే చాలామంది తెలియకుండా నష్టపోతారు. నాలుగు చన్నులూ ముప్పావు వంతు పిండేసి, ఆఖరి పాలు దూడకి వదిలేస్తారు. దూడ మీద ప్రేమే, తప్పులేదు. కానీ వెన్నంతా ఆ ఆఖరి పాలల్లోనే పోయి, కేంద్రానికి పల్చటివి చేరతాయి. ఫ్యాట్ 6 వచ్చిందని మిషన్ మీద పడతాం. అలా కాకుండా, దూడకి మొదట కాసేపు వదిలి, ఒక చన్ను పూర్తిగా దాని వాటాగా ఉంచి, మిగతా మూడూ చివరిదాకా పిండితే ఇద్దరికీ ఒకే రకం పాలు దక్కుతాయి. ఏ చన్ను వదలాలో పూటపూటకీ మార్చుకోవచ్చు.

ఎస్‌ఎన్‌ఎఫ్ వేరే కథ. అది తగ్గితే నీళ్లు కలిపారనే అనుమానం ముందు వస్తుంది. నిజానికి నీళ్లు కలపకపోయినా, ఒట్టి వరిగడ్డి మీద బతికే గేదె పాలల్లో అది పడిపోతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లు మించవు, కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి తగలకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే దాని సత్తా పెరుగుతుందని పశువైద్యులు ఎన్నేళ్లుగానో చెబుతున్నారు. చేసేవాళ్లు తక్కువ. కొలత తప్పితే పశువు ప్రాణం మీదికి వస్తుందన్న భయం అసలు కారణం, ఆ భయం ఉత్తిదేమీ కాదు. నానబెట్టిన పచ్చి యూరియా నీళ్లు తాగి చచ్చిన పశువులున్నాయి. పైగా వరికోత మిషన్లు వచ్చాక చాలా పొలాల్లో గడ్డి ముక్కలై మళ్లలోనే పడిపోతోంది. కట్టలు కట్టించి తెచ్చుకోవాలంటే అదొక ఖర్చు. ఒకప్పుడు ఊరికే వచ్చిన గడ్డివాము ఇప్పుడు డబ్బు పెట్టి కొనే సరుకైంది.

రెండో ముడి, పాలు దిగడం. ఆవు పొదుగులో ఐదో వంతు దాకా పాలు చన్నుల పైన ఉండే ఖాళీ గదిలో సిద్ధంగా చేరి ఉంటాయి. గేదెకి అలా చేరేవి నూటికి ఐదు పాళ్లు మాత్రమే. మిగతావన్నీ పైన సన్నని సంచుల్లోనే ఉండిపోతాయి. మెదడు నుంచి ఆక్సిటోసిన్ వస్తేనే ఆ సంచులు బిగుసుకుని పాలు కిందికి తోస్తాయి. దూడ పొదుగును కుమ్మినప్పుడో, అలవాటైన చెయ్యి తగిలినప్పుడో, తవుడు బకెట్ చప్పుడు వినిపించినప్పుడో అది వస్తుంది. చన్నులు బిగువుగా నిండి, ముట్టుకుంటే వెచ్చగా, రబ్బరులా సాగుతాయి. అదే చేపు. గేదె చేపాక నాలుగైదు నిమిషాల్లో పిండేయాలి, ఆలస్యమైతే మిగిలినవి పైనే ఆగిపోతాయి. కొత్త మనిషి పిండినా, కుక్క మొరిగినా, మనవాడు కసురుకున్నా చేపు ఆగిపోతుంది. భయపడిన పశువు ఒంట్లో పుట్టే రసాయనం ఆక్సిటోసిన్ పనిని అడ్డుకోవడమే దానికి కారణం. గేదె మొండికేసిందని కొట్టేవాడు తన పాలు తనే ఎగ్గొట్టుకుంటున్నాడు.

దూడ చచ్చిపోతే పెద్ద సమస్య అందుకే. చేపదు. అప్పుడు సూది మందు మొదలవుతుంది. పాల కోసం అలా సూదులు వేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమే నేరమంది. అయినా ఆగలేదు, ఆగదు కూడా, ఎందుకంటే దూడను బతికించే పని ముందు జరగడం లేదు. మగదూడ పుడితే మరీ అన్యాయం. "దున్న" అనగానే దాని పాలు కోసేస్తారు. ఎండిపోయి నెలలోపే పోతుంది. దూడ పాలలో కలిసొచ్చిన ఆ రెండు లీటర్లు, తర్వాత చేపక పోయే పాలతో పోల్చి చూడండి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించడం, పది రోజులకి ఏలికపాముల మందు పోయడం, ఈ రెండూ చేస్తే గేదె దూడలు చాలావరకు నిలుస్తాయి. ఆ పాములు తల్లి పాల ద్వారానే దూడకి వస్తాయి, కాబట్టి శుభ్రంగా ఉంచాం కదా అని ఊరుకుంటే కుదరదు.

ఇప్పుడు మూడోది, అసలుది.

గేదె చూడి కాలం, అంటే కడుపుతో ఉండే కాలం, దాదాపు 310 రోజులు. ఈనిన తర్వాత తొంభై రోజుల్లోపు మళ్లీ చూడి నిలిస్తే, ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య 400 రోజులు, అంటే పదమూడు నెలలు పడుతుంది. మన గేదె ఒక ఈతలో 300 రోజులు పాలిచ్చి మొత్తం 1,800 లీటర్లు ఇస్తుందనుకుందాం. దాన్ని 400తో భాగిస్తే రోజుకి నాలుగున్నర లీటర్లు. అదే గేదె దాదాపు ఐదు నెలలు ఆలస్యంగా నిలిచి, ఈతల మధ్య 540 రోజులు పట్టిందనుకుంటే, రోజుకి వచ్చేది 3.3 లీటర్లే. పాలిచ్చే రోజుల్లో రెండూ పూటకి మూడు లీటర్ల గేదెలే, పక్కపక్కన నిలబెడితే ఏ బేరగాడూ తేడా చెప్పలేడు. కానీ రెండోది ఆ అదనపు 140 రోజులూ ఒట్టిగా గాటికి కట్టి మేసింది. రోజుకి 120 రూపాయల మేత వేసుకున్నా 16,800. ఆ పైన రాని పాలు, ఆలస్యమైన దూడ.

ఈనడానికి ముందు రెండు నెలలు ఒట్టిపోనివ్వడం అవసరమే, పొదుగు తేరుకోవాలి. నష్టమంతా ఆ రెండు నెలలు దాటిన రోజుల్లో ఉంటుంది.

ఎందుకు ఆలస్యమవుతుంది? గేదె 21 రోజులకోసారి ఎదకొస్తుంది, అంటే కట్టించడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ఎద ఉండేది ఒక రోజు, అంతకన్నా తక్కువ కూడా కావచ్చు. ఆవు అయితే అరిచి, పక్క ఆవుల మీదికెక్కి గోల చేస్తుంది. గేదె అలా చేయదు. ముఖ్యంగా ఎండాకాలంలో మూగ ఎదకొస్తుంది, అదీ రాత్రి చల్లబడ్డాక. నల్లని తోలు, చెమట గ్రంథులు బాగా తక్కువ, ఎండకి ఒళ్లు వేడెక్కి లోపలి వ్యవహారం మందగిస్తుంది. అందుకే మన దగ్గర గేదెలు ఎక్కువగా చలికాలంలో కట్టి, వానాకాలంలో మొదలై చలికాలం దాకా ఈనుతూ ఉంటాయి. ఫిబ్రవరిలో నిలవాల్సింది తప్పిపోతే మళ్లీ సెప్టెంబరు దాకా ఆగే గేదెలు చాలా. "వట్టి గొడ్డుకు అరుపులెక్కువ" అంటారు గానీ, ఒట్టిపోయిన గేదె అరిచి చెబితే రైతు అప్పు సగం తీరిపోయేది.

అది అరవదు కాబట్టి మనమే కనిపెట్టాలి. తెల్లవారుజామున పేడ ఎత్తేటప్పుడు టార్చి వేసి వెనక భాగం చూడాలి. పడుకుని లేచిన చోట కోడిగుడ్డు తెల్లసొనలాంటి తీగ కనిపిస్తుంది, తోకకి అంటుకుని ఆరిపోయి మెరుస్తుంది. ఆ పూట పాలు కొంచెం ఎగబట్టొచ్చు, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయొచ్చు. పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున సూది, అంటే చూడి కట్టడానికి వేసే వీర్యం సూది, వేయించాలన్నది పాత నియమం. ఎద తగ్గిన తర్వాతే అండం విడుదలవుతుంది, అందుకే ఆ గంటల లెక్క. ఊళ్లు తిరిగి ఆ సూదులు వేసే గోపాలమిత్రకి ఫోన్ చేస్తే ఆయన వేరే ఊళ్లో ఉంటాడు, వచ్చేసరికి రెండో రోజు. సూది వేయించాం కదా అన్న ధీమాతో ఉంటాం. 21 రోజులకి మళ్లీ పొర్లిందా, అంటే తిరిగి ఎదకొచ్చిందా లేదా చూడం. మూడు నెలలకి చూడి పరీక్ష చేయిస్తే ఖాళీ అని తేలుతుంది. ఇలా ఒక్కసారి తప్పితే 21 రోజులు పోయినట్టు, చూసుకోకపోతే తొంభై రోజులు.

గోడ మీద క్యాలెండర్ ఉంటుంది, చిట్టీల తారీఖులు దాని మీదే రాస్తాం, గ్యాస్ బుక్ చేసిన రోజూ రాస్తాం. గేదె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు సూది వేయించాం అన్న మూడు తారీఖులు మాత్రం ఎవరి నోటికీ సరిగ్గా రావు. "సంక్రాంతి ముందు అనుకుంటా" అంటారు. నన్నడిగితే, చిన్న రైతుకి పాడిలో కొనాల్సిన మొదటి పరికరం గడ్డి కత్తిరించే మిషన్ కన్నా ముందు ఒక పెన్ను.

ఇదే లెక్క పందుల దగ్గర చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ గడియారం వేగంగా తిరుగుతుంది. మన ఊళ్లలో గేదె, పంది ఒకే పాకలో ఉండటం అరుదు. పందుల పెంపకం తరతరాలుగా ఎరుకల కుటుంబాల చేతిలో ఉంది, ఊరి అంచుకి నెట్టేసిన పని అది. ఇప్పుడు సీమపందులతో కొట్టాలు కట్టి వేరే కులాల యువకులు కూడా దిగుతున్నారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే సీమపంది జాతికి నాటుపంది రక్తం పావు వంతు కలిపి టీ-17 అనే రకాన్ని తయారుచేసింది కూడా.

పంది చూడి 114 రోజులు, అంటే మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. పిల్లలకి 45 రోజులు పాలిచ్చాక విడదీస్తే వారంలో మళ్లీ ఎదకొస్తుంది. మొత్తం 166 రోజులు, ఏడాదికి రెండు ఈతలు దాటతాయి. ఎద కనిపెట్టడం కూడా తేలికే: వీపు మీద రెండు చేతులతో గట్టిగా నొక్కితే బిగుసుకుని కదలకుండా నిలబడుతుంది. ఇక్కడ మాయమయ్యే రోజులు తక్కువ, మాయమయ్యేవి పిల్లలు. తొమ్మిది పుడితే అయిదు మిగలడం మామూలైపోయింది.

ఎలా పోతాయో ఈనిన రాత్రి కొట్టంలో కూర్చుంటే తెలుస్తుంది. పిల్ల పుట్టినప్పుడు కిలోన్నర లోపే ఉంటుంది, తల్లి వంద కిలోల పైమాట. తల్లికి చల్లదనం కావాలి, పిల్లకి ముప్పై రెండు డిగ్రీల వెచ్చదనం కావాలి. చలేసిన పిల్ల తల్లి పొట్ట కిందికి దూరుతుంది. తల్లి గోడకి ఆనుకుని ఒక్కసారిగా కూలబడుతుంది. కీచుమన్న చప్పుడు, అంతే. గోడకి జానెడు ఎడంగా, నేలకి జానెడు ఎత్తులో చుట్టూ ఒక ఇనప పైపు బిగిస్తే పిల్లలు దాని వెనక్కి తప్పుకుంటాయి. ఒక మూల బల్బు వేలాడదీస్తే తల్లి కిందికి రాకుండా అక్కడే గుంపుగా పడుకుంటాయి. నాలుగు వేల రూపాయల లోపు అయ్యే పని ఇది, పోయే పిల్లల్లో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది.

పాలు తాగే తీరు ఇంకా విచిత్రం. ఆవు పొదుగులో ఉన్నట్టు పాలు చేరే గది పందికి దాదాపు లేనట్టే. గంటకోసారి గుర్రుమంటూ పిలుస్తుంది, పిల్లలు పొదుగుని కుమ్ముతాయి, పదిహేను ఇరవై సెకన్లు పాలు దిగుతాయి, ఆగిపోతాయి. ఆ ఇరవై సెకన్లలో చన్ను దొరకని పిల్లకి ఇంకో గంట ఉపవాసం. అందుకే పుట్టిన రెండు మూడు రోజుల్లోనే ఎవరి చన్ను వారిది అని పంచేసుకుంటాయి. బలమున్నవి ముందు చన్నులు పట్టేస్తాయి, పాలు అక్కడే ఎక్కువ. బక్కపిల్లని మనం ముందు చన్ను దగ్గర పెట్టేది ఆ మొదటి రెండు రోజుల్లోనే. ఆ తర్వాత పెట్టినా మిగతావి ఉండనివ్వవు. మూడో రోజు ఐరన్ సూది తప్పదు. బురదలో తిరిగే పందిపిల్ల మట్టిలోంచి ఇనుము తీసుకునేది, సిమెంటు నేల మీద ఆ దారి మూసుకుపోయింది, తల్లి పాలలో అది చాలినంత లేదు.

మేత దగ్గర పందుల లెక్క గేదె కన్నా కఠినం. ఖర్చులో డెబ్బై శాతం మేతే. దాణా కొని పెడితే మిగలదు కాబట్టి హోటల్ ఎంగిలి, కూరగాయల చెత్త తెచ్చి పెడతారు. బాగా మరిగించకుండా పెడితే అందులోని పంది మాంసం ముక్కలతో స్వైన్ ఫీవర్ అనే పందుల అంటువ్యాధి రావచ్చు. మామూలు స్వైన్ ఫీవర్‌కి టీకా ఉంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదలై దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మన రైతుకి అందే టీకా లేదు, వచ్చిందంటే కొట్టం ఖాళీ. మనుషులకి అది సోకదు, అయినా ఆ వార్త రాగానే ధర పడిపోతుంది.

ప్రభుత్వ పథకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జాతీయ పశుసంపద మిషన్‌ని (నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్) 2021లో సవరించినప్పుడు పందుల యూనిట్లకి సగం పెట్టుబడి సబ్సిడీ పెట్టారు. చిన్న యూనిట్ అంటే వాళ్ల లెక్కలో యాభై తల్లిపందులు, అయిదు మగవి. రెండు మూడు తల్లిపందులతో బతికే ఎరుకల కుటుంబం దరిదాపుల్లోకి కూడా రాదు. పథకం చదివితే అది ఎవరికోసమో అర్థమవుతుంది.

ఇన్ని లెక్కల్లో నష్టమే కనిపిస్తుంటే జనం గేదెను ఎందుకు ఉంచుకుంటున్నారు? పంది ఎనిమిది పది నెలలకోసారి ఒకేసారి డబ్బు చేతిలో పెడుతుంది, అది పెళ్లికో అప్పుకో పోతుంది. గేదె పది పదిహేను రోజులకోసారి బిల్లు తెస్తుంది, దాంతో కిరాణా నడుస్తుంది. పంట పోయిన ఏడాది కూడా ఆ బిల్లు ఆగదు. ఇంట్లో పెరుగుకి, పొలంలో ఎరువుకి కొనక్కర్లేదు. గడ్డి సొంత పొలానిది, పని సొంత ఇంటిది, కాబట్టి ఖర్చు ఖర్చులా అనిపించదు. ఇంటావిడ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలకి ఉపాధి హామీ కూలి రేటు కట్టి చూస్తే చాలా ఇళ్లల్లో మేత పోగా బిల్లులో మిగిలేదంతా ఆమెకే ఇచ్చేయాల్సి వస్తుంది. ఆ బిల్లు పడే బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉందో అది వేరే చర్చ.

గేదె కొనబోయేవాళ్లు సంతలో ఈ విషయాలు గుర్తుంచుకుంటే మంచిది. బేరగాడు ముందు రోజు పూట పిండకుండా ఆపి పొదుగు నింపి నిలబెడతాడు. వరసగా మూడు పూటలు పిండించి చూడకుండా ధర మాట్లాడకూడదు. మొదటి పూట లెక్కలోకి తీసుకోవద్దు, తర్వాతి రెండూ చూడండి. లీటర్ల తర్వాత అడగాల్సినవి: ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది, దూడ దీనిదేనా, తర్వాత సూది ఎప్పుడు వేయించారు. ఈని ఆరు నెలలైన గేదె ఇంకా ఖాళీగా ఉందంటే, ఎంత పాలిచ్చినా ఒట్టిపోయాక మేపాల్సిన నెలలు కూడా మీరే కొంటున్నారు. చూడి అని చెబితే డాక్టరు చేత చెయ్యి పెట్టించి చూపించాకే డబ్బివ్వండి, ఆ డాక్టరును బేరగాడు తీసుకురాకుండా చూసుకోండి.